ఫ్రిజ్ శ్రుతి

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. సంగీతం టీచరు ఇంటికి నలుగురు గాయకులు రావాలి. వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి శ్రుతి తీసుకోవాలి. దాన్ని దారిలో వంతులవారీగా కూనిరాగం తీస్తూ, జారిపోకుండా పాఠశాల హాలుకు చేర్చాలి.

ఫ్రిజ్‌తో పని ఎందుకు పడిందంటే, టీచరు కొత్తగా ఒక స్వరలిపి తయారుచేసింది. కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య ఇంకా బోలెడు స్వరాలున్నాయని, రాసే దారి లేక అవి అనాథలయ్యాయని ఆమె బాధ. అందుకని స్వరం పక్కన చిన్న గీతలు పెట్టింది. పైకి ఒక గీత ఉంటే ఒక పిసరు ఎక్కువ, కిందికి రెండుంటే రెండు పిసర్లు తక్కువ. దేనికన్నా ఎక్కువ, దేనికన్నా తక్కువ అంటే, వాళ్ల పాత ఫ్రిజ్ మోతకన్నా. అది ఏ మెట్టుకూ చెందకుండా సరిగ్గా నడుమన మోగేది. ఆమె లిపిలో అదే సున్న. ఫోన్‌లో రికార్డు చేయబోతే ఫోను దాన్ని అనవసరమైన శబ్దంగా గుర్తించి మర్యాదగా తీసేసింది. కాబట్టి సాధనంతా వంటింట్లోనే. ఫ్రిజ్ మోగితే పాట, ఆగితే టీ.

ఆ రోజు పరీక్షకులిద్దరు విని సరేనంటే ఆ లిపి పాఠశాలలో పాఠమవుతుంది, టీచరు ఉద్యోగం ఖాయమవుతుంది. కాదంటే రెండూ ఉండవు.

ఆమె భర్త బీమా ఆఫీసులో గుమాస్తా. ఇదంతా భార్య చెప్పినప్పుడల్లా శ్రద్ధగా తల ఊపేవాడు. తల ఊపడం, వినడం ఆయనకు ఒకేసారి కుదరవు. ఆయనకు తెలిసిందల్లా, భార్య రోజూ ఫ్రిజ్‌కు చెవి ఆనించి, కనుబొమలు ముడిచి, నిట్టూర్చడం. పాపం ఆ మోత భరించలేకపోతోందనుకున్నాడు. ఈ ఒక్క రోజైనా ఆమె మనసు ప్రశాంతంగా ఉండాలని, ఆమె స్నానానికి వెళ్లగానే మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ ఫ్రిజ్ మీది సామాను దింపి టీచరు అత్తగారికి అప్పగించి, అడుగున అరిగిన రబ్బర్లు తీసి కొత్తవి వేసి, తుడిచి మరీ పెట్టాడు.

టీచరు తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ, ఫ్రిజ్‌కేమైంది?"

"బాగైంది," అన్నాడు భర్త వినయంగా. "చెవి పెట్టి చూడు, కిక్కురుమనదు."

ఆమె చెవి పెట్టి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుంది.

ఆమె అంతా మళ్లీ చెప్పింది, ఈసారి భర్త తల ఊపకుండా విన్నాడు. గాయకులు వచ్చేసరికి మెకానిక్ చెప్పులు వేసుకుంటున్నాడు.

"అన్నా, దాన్ని మళ్లీ ఎప్పట్లా పాడుచెయ్యి," అన్నాడు భర్త.

"సార్, బాగుచెయ్యమన్నోళ్లనే చూశాను ఇన్నాళ్లూ. పాడుచేస్తే గ్యారంటీ ఉండదు, ముందే చెప్తున్నా."

పాత రబ్బర్లు మళ్లీ వేశాడు. ఫ్రిజ్ గుర్రుమంది కానీ పాడలేదు.

"సున్న ఇంకాస్త పైనుండేది టీచర్," అన్నాడు బండగొంతు గాయకుడు.

"పైనా? నువ్వెప్పుడూ కిందే కదా పాడేది, నీకేం తెలుసు," అంది సన్నగొంతు గాయని. మిగతా ఇద్దరూ తమ తమ సున్నలు వినిపించారు. దాంతో నాలుగు సున్నలయ్యాయి.

"దార్లో కుదుపులకి సర్దుకుంటదేమో," అన్నాడు మెకానిక్. ఆ ఒక్క మాట పట్టుకుని భర్త వ్యాను మాట్లాడాడు. ఫ్రిజ్‌ను పడుకోబెట్టకూడదని మెకానిక్ అనడంతో, దారి పొడవునా దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్ల అట్టను మెకానిక్ ఒళ్లో పెట్టుకున్నాడు. నలుగురూ నాలుగు సున్నలు తీస్తుంటే, డ్రైవరు ఇంజన్‌లో ఏదో తేడా ఉందని రెండుసార్లు దిగి చూశాడు.

వేదిక మీద ప్లగ్గు పెడితే ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది, అంతే. పరీక్షకులు కళ్లద్దాలు సవరించుకుని చూస్తున్నారు.

"ఒక్క నిమిషం, వాయిద్యం సర్దుతున్నారు," అన్నాడు భర్త. "నేనే చెడగొట్టానోయ్," అన్నాడు భార్యతో మెల్లగా.

"ఆ మాట తర్వాత వివరంగా మాట్లాడుకుందాం," అంది ఆమె.

అంతలో అత్తగారు ఆటోలో వచ్చింది, చేతిలో గుండీల రేకుడబ్బాతో.

"ఒరేయ్, పొద్దుట్నుంచీ దీన్ని ఒళ్లో పెట్టుకు తిరుగుతున్నాను. ఆ మెకానిక్ దింపి నా చేతికిచ్చాడు. దీని చోటు తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు మీరు." నేరుగా వేదికెక్కి డబ్బాను ఫ్రిజ్ నెత్తిన పెట్టింది.

ఫ్రిజ్ పాడింది.

గుండీలు సన్నగా వణుకుతూ పలికిన ఆ శ్రుతిని నలుగురూ ఒక్కసారిగా అందుకున్నారు. గీత గీతకూ పిసరు పిసరు చొప్పున ఎక్కారు, దిగారు. పాట సగంలో ఫ్రిజ్ ఆగిపోయింది. అలవాటు కొద్దీ నలుగురూ ఆపి టీ కోసం చూశారు. పరీక్షకులు దాన్ని విరామంగా రాసుకున్నారు. లోపల చలి తగ్గితే మోటారు మళ్లీ తిరుగుతుందని మెకానిక్ వెళ్లి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. కాసేపటికి అది మళ్లీ అందుకుంది, వాళ్లూ అందుకున్నారు.

"లిపి బాగుందమ్మా," అన్నాడు పెద్ద పరీక్షకుడు చివర్లో. "పాఠంగా పెడదాం. ఉద్యోగం సంగతి కూడా రాసేస్తాను. కానీ పిల్లలు నేర్చుకోవాలంటే ఈ వాయిద్యం ఇక్కడే ఉండాలి. పైనున్న భాగంతో సహా."

టీచరు భర్త వైపు చూసింది. ఆయన శ్రద్ధగా తల ఊపాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో పాలు ఏ పూటకాపూట కొనుక్కుంటున్నారు. చొక్కా గుండీ ఊడితే మాత్రం పాఠశాలకు దరఖాస్తు పెట్టుకోవాలి.