సుఖపాద పథకంలో మొదటి జత

"ఇక ఈ ప్రభుత్వంలో సుఖం లేని పాదం ఉండదు!" అని మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు.

షుగర్ వల్ల నరాలు దెబ్బతిని, పాదాలు మొద్దుబారిన ప్రతి ఒక్కరికీ సుఖమైన బూట్లు ఉచితం. పథకం పేరు 'సుఖపాద'. ఆ పేరు పెట్టడానికే ఆరు నెలలు పట్టింది. మంచి పనులు తొందరపడితే జరగవు కదా.

నేను ఆ మంత్రిగారి గది బయట నిలబడే బంట్రోతుని. ఏడో తరగతితో చదువు ఆపేశాను గానీ, నిలబడడంలో ఇరవయ్యారేళ్ల అనుభవం ఉంది. నా పాదాలూ మొద్దుబారినవే. కింద నేల ఉందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలీదు. నిరుడు బూటులో సోడా మూత పడితే, పొద్దంతా దాని మీదే నిలబడి డ్యూటీ చేశాను. పుండు పడింది. ఎడమకాలి వేలొకటి తీసేశారు. "ఇంకో పుండు పడితే ఇంకో వేలు" అన్నాడు డాక్టరు, తర్వాతి బస్సు ఎన్నింటికో చెప్పినట్టు.

ముందుభాగం వెడల్పుగా, అట్ట మెత్తగా, లోపల కుట్టు తగలకుండా ఉండే బూట్లు వేసుకోమన్నాడు. నాలుగు దుకాణాలు తిరిగాను. ప్రతివాడూ తొడిగి, "సుఖంగా ఉన్నాయా?" అంటాడు. నాకేం తెలుసు, చెప్పడానికి? ఆఫీసు గేటు బయట చెప్పులు కుట్టే పెద్దాయన, "నేను కుట్టి ఇస్తాను తమ్ముడూ" అన్నాడు. కానీ మా యూనిఫారం రూల్లో ఆఫీసు ఇచ్చిన బూట్లే వెయ్యాలని ఉంది. కాబట్టి రోజూ పొద్దున్నే మా ఆవిడ నా బూట్లలో చెయ్యి పెట్టి, తడిమి, దులిపి ఇస్తుంది. నా పాదాల సంగతులు నాకు ఆవిడే చెప్పాలి.

అందుకే మంత్రిగారి ప్రకటనకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

బూట్లు వచ్చాయి. పదివేల జతలు. పంచేముందు శాస్త్రీయంగా సుఖ పరీక్ష జరగాలన్నారు కార్యదర్శిగారు. నాతో కలిపి నలభైమంది రోగుల్ని వరసగా కూర్చోబెట్టి, బూట్లు తొడిగించి, ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు.

"ఎక్కడైనా నొక్కుతోందా?"

"తెలీదండీ."

"నొప్పి?"

"తెలీదండీ."

కార్యదర్శిగారు గుమాస్తా వైపు తిరిగి, "ఫిర్యాదు లేదు. సంతృప్తికరం అని రాయి" అన్నారు.

నలభైమందీ తెలీదన్నారు. నలభైమందీ సంతృప్తి చెందారు. నూటికి నూరు శాతం! మధ్యలో గుమాస్తా సరదాపడి ఒక జత తొడుక్కుని, మూడడుగులు వేసి "అమ్మోయ్!" అని కేక పెట్టాడు.

"నీకు స్పర్శ ఉందయ్యా. ఈ పథకానికి నువ్వు అర్హుడివి కావు" అని ఆయన్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు.

నాతో వచ్చిన మా ఆవిడ ఊరుకోలేదు. నా బూటులో చెయ్యి పెట్టి చూసింది.

"సార్, లోపల కుట్టు తాడులా ఉంది. ఒక్కసారి మీ చెయ్యి పెట్టి చూడండి."

"పథకం పాదాలకమ్మా, చేతులకు కాదు."

"ముందుభాగం మరీ ఇరుకు సార్. ఈయనకి ఆ కాలికి మిగిలినవే నాలుగు వేళ్లు."

"నాలుగేనా? అయితే ఇంకా వదులుగా ఉంటాయి!" అని కార్యదర్శిగారు ఎంతో సంతోషించారు. ఆ సంతోషంలో నన్నే మొదటి లబ్ధిదారుగా ప్రకటించేశారు. ప్రారంభోత్సవం నాడు మొదటి జత మంత్రిగారి చేతుల మీదుగా నాకే. మర్నాటి నుంచి డ్యూటీలో అవే వెయ్యాలి. వెయ్యకపోతే మెమో.

ఇంటికొచ్చాక మా ఆవిడ అందుకుంది. "వద్దని ఒక్క మాట అనలేరూ? నోరు కూడా మొద్దుబారిందా?"

"ఉద్యోగం పోతుందే."

"ఉద్యోగం ఉండి వేళ్లు పోతే, దేని మీద నిలబడతారట?"

ఇరవయ్యారేళ్లుగా నిలబడుతున్నా ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. మంత్రిగారు ఆ బూట్లు తానే తొడుక్కుని, ఆఫీసు నుంచి బూట్లు దాచిన గోడౌన్ దాకా రెండు కిలోమీటర్లు నడిచి చూపిస్తానని మాటిచ్చారు. గోడౌన్ తాళంచెవి కూడా ఆయనే దగ్గర పెట్టుకున్నారు. పార్టీలో అందరూ నమ్మకస్తులేనట, అందుకని. భోజనమయ్యాక కాసేపు సోఫాలో నడుం వాల్చారు. జేబులో తాళంచెవి గుచ్చుకుంటోందని విసుక్కుంటూ తీసి, పక్కనే ఎక్కడో పడేశారు. లేచేసరికి కింద జనం నినాదాలు. గబగబా బూట్లు తొడుక్కుని బయల్దేరారు.

ఏం నడక! ముందు కెమెరాలు, వెనక కార్యకర్తలు, మధ్యలో మంత్రిగారి చిరునవ్వు. "ఎలా ఉన్నాయి సార్ బూట్లు?" అని ఓ విలేకరి అరిచాడు.

"పరుపు మీద నడుస్తున్నట్టుందయ్యా!"

గోడౌన్ ముందు ఆగారు. జేబులు తడుముకున్నారు. మళ్లీ తడుముకున్నారు. కార్యదర్శిగారి జేబులు కూడా తడిమారు. తాళంచెవి లేదు.

"పగలగొట్టేద్దామా సార్?" అన్నాడో కార్యకర్త.

"అది ప్రభుత్వ తాళం. పగలగొట్టాలంటే ఫైలు కదలాలి" అన్నారు కార్యదర్శిగారు. సభ వాయిదా పడింది. ఇంటికెళ్లేవాళ్లలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ఆ తాళానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

గదికి తిరిగొచ్చి మంత్రిగారు సోఫాలో కూలబడ్డారు. "బూట్లు విప్పవయ్యా" అన్నారు. విప్పాను. ఇంట్లో అలవాటు కదా, పక్కన పెట్టేముందు లోపల చెయ్యి పెట్టాను.

తాళంచెవి ఉంది. నా చూపుడువేలంత పొడుగు, పళ్లతో సహా. మంత్రిగారి మేజోడుకి కింద చిల్లు పడి, ఎర్రగా తడిసింది.

"నొప్పిగా ఉందా సార్?"

ఆయన వంగి పాదం వంక చూసుకున్నారు.

"తెలీదు."

లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాను.

"ఎన్నాళ్ల నుంచి సార్?"

"నాలుగేళ్లు. ఇంట్లో కూడా చెప్పలేదు. నువ్వూ ఎవరితోనూ అనకు."

"అనను. తాళంచెవి దొరికిందని మాత్రం చెప్పేసి రానా?"

"ఎక్కడ దొరికిందని చెప్తావు?"

ఇద్దరం ఆలోచించాం. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

"అయితే మనలాంటి వాళ్లం ఏం తొడుక్కోవాలయ్యా?" అన్నారు మంత్రిగారు. 'మన' అన్నారు! గేటు బయట పెద్దాయన గురించి చెప్పాను. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత తీస్తాడని, లోపల ఒక్క కుట్టు కూడా తగలనివ్వడని చెప్పాను. రూల్లో లేవు గనక నేను మాత్రం కుట్టించుకోలేకపోయానని కూడా చెప్పాను.

మంత్రిగారు అక్కడికక్కడే నాకు అనుమతి రాసి సంతకం పెట్టారు. సమయానికి వేరే కాగితం దొరక్క, సుఖపాద ఫైలు చివరి పేజీ వెనక ఆయన పాదాలు పెట్టించి పెన్సిల్‌తో గీశాను. ఆ ఫైలు మొత్తంలో సుఖానికి సంబంధించిన కాగితం అదొక్కటే. తర్వాత ఆయన్ని వెనక గేటు నుంచి మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఇది జరిగి అయిదు నెలలైంది. పథకం అద్భుతంగా సాగుతోంది. పదివేల జతలూ గోడౌన్లో భద్రంగా ఉన్నాయి. వాటివల్ల ఇంతవరకు ఒక్క వేలూ పోలేదు. బూట్లెప్పుడిస్తారని అడిగేవాళ్లని గేటు బయటికి పంపిస్తున్నాను. ఆ పెద్దాయనకి తలెత్తే తీరిక లేదు.

తాళంచెవి ఏమైందో తేల్చడానికి కార్యదర్శిగారి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. మొన్న మొదట మంత్రిగారిని పిలిచారు, తర్వాత నన్ను. ఇద్దరం మెత్తగా, చప్పుడు లేకుండా నడిచి వెళ్లాం.

"తాళంచెవి ఎక్కడుందో నీకు తెలుసా?" అన్నారు కార్యదర్శిగారు.

"తెలీదండీ."

గుమాస్తా తలెత్తలేదు. మంత్రిగారి పేరు కింద నా పేరు రాసి, దాని పక్కన కూడా 'సంతృప్తికరం' అని రాసుకున్నాడు.