దూరపు కారు పరిశీలక సంఘం

సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి కావలసింది డబ్బు అనుకునే అమాయకులు ఇంకా మన మధ్య తిరుగుతూనే ఉన్నారు. వారికి సవినయంగా మనవి చేసుకునేదేమంటే, కావలసింది ఒక సంఘం. డబ్బు ఎలాగో ఒకలా పుడుతుంది. సంఘం లేనిదే అడుగు ముందుకు పడదు. (సంఘం ఉంటే అసలే పడదన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.)

మా అక్క డ్రైవింగ్ నేర్పుతుంది. మా పేటలో బండి నడిపే వాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేత "క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా తియ్యి నాయనా" అనిపించుకున్నవాళ్ళే. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు కూడా సిగ్నల్ దగ్గర ఆమె కనబడితే నిటారుగా కూర్చుని, అవసరం లేకపోయినా అద్దం సర్దుకుంటారు.

ఒక ఆదివారం ఉదయం అక్క ఫోన్‌లో ఒక ప్రకటన చూసింది. గుండ్రటి లైట్లు, రెండే తలుపులు, ఎవరిమీదో అలిగి మూతి ముడుచుకున్నట్టుండే చిన్న నీలం కారు. అక్క డ్రైవింగ్ నేర్చుకున్నది అలాంటి కారు మీదే. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడి చాలా కాలమైంది. మిగిలిన కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఈ ఒక్కటీ ఉన్నది దేశానికి ఆ చివరన, రైల్లో రాత్రంతా వెళ్ళి, పొద్దున మళ్ళీ బస్సెక్కితే వచ్చే ఊళ్ళో.

"వెళ్ళి చూసొస్తాను," అంది అక్క.

మా బావగారు బీమా కంపెనీలో పనిచేస్తారు. ఎవరికి ఏ ఆపద వచ్చే అవకాశముందో ముందుగా ఊహించే విభాగం ఆయనది. ఎవరికీ తట్టని ఆపదలు ఆయనకు తట్టడం వల్లనే ప్రమోషన్లు వచ్చాయి. ఆయన పేపరు మడిచి, "తొందరేముంది, పద్ధతిగా వెళ్దాం," అన్నారు. ఆ మాటలో 'పద్ధతిగా' అన్నదే ముఖ్యమనీ, 'వెళ్దాం' అన్నది ఊరికే వాడుక కోసం వచ్చిందనీ అప్పటికి మాకు తెలియదు.

ఆ సాయంత్రమే ముందు గదిలో సంఘం ఏర్పడింది. అధ్యక్షులు బావగారు. అనుభవజ్ఞుల కోటాలో మా బాబాయి. ఆయన ఒకప్పుడు పాత కారు కొన్నారు. మూడో రోజున దాని అడుగు రేకు ఊడిపోయింది. సాంకేతిక సభ్యుడు వీధి చివర షెడ్డు మెకానిక్, అందరూ బోల్టు అని పిలిచేవాడు. నేను సభ్యుణ్ణి, ఎందుకంటే సంఘం ఏర్పడే సమయానికి ఆ సోఫాలో కూర్చుని ఉన్నాను. అక్క దరఖాస్తుదారు. దరఖాస్తుదారులకు ఓటు ఉండదు. (టీ మాత్రం అధ్యక్షులవారే పెట్టారు. అబద్ధమెందుకు, ఆయన టీ బాగా పెడతారు.)

మొదటి ప్రశ్న, ఈ కారే ఎందుకని.

"నాకది కావాలి," అంది అక్క.

అది కారణం కాదనీ, అది ముగింపనీ, ముందు కారణం చెప్పాలనీ బావగారు ఓపికగా వివరించారు. అక్క కాసేపు తిరుగుతున్న ఫ్యాన్ వంక చూసింది.

"అందులో కూర్చుంటే కింద రోడ్డెలా ఉందో కాళ్ళకి తెలుస్తుంది."

"నాకూ తెలిసింది," అని బాబాయి దీర్ఘంగా నిట్టూర్చారు.

తర్వాత అమ్మేవారిని సంప్రదించడం మొదలైంది. ఆ ప్రకటన వచ్చిన యాప్‌కు వినియోగదారుల భద్రత అంటే ప్రాణం. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని మోసపోకుండా, సందేశాల్లో ఎక్కడ అంకె కనబడినా చుక్కలు పెట్టేస్తుంది. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని బావగారు అడిగారు. చుక్కలు వచ్చాయి. ఏ సంవత్సరం మోడల్ అని అడిగారు. చుక్కలే. అంకెలు అక్షరాల్లో రాయమంటే అమ్మే ఆయన అలాగే రాశారు. టైర్లలో చుక్కలు బాగున్నాయనీ, చుక్కలు మార్చాలనీ తెలిసింది. బావగారు యాప్‌వారికి ఫిర్యాదు చేశారు. 'ముఖ్య నిశ్చింతాధికారి' పేరుతో వెంటనే సమాధానం వచ్చింది. తమరి భద్రత దృష్ట్యానే అంకెలు దాచామనీ, ఈ సేవ నచ్చితే చుక్కలు నుంచి చుక్కలు లోపు మార్కులు వేయమనీ ఆయన కోరారు.

విసిగిపోయిన అమ్మే ఆయన చివరికి ఒక్క ముక్క రాశారు. "వచ్చి చూసుకోండమ్మా. ఇంట్లోనే ఉంటాను."

సంఘం దీన్ని తీవ్రంగా పరిగణించింది. అంత సులువుగా రమ్మంటున్నాడంటే ఏదో ఉందన్నారు బావగారు. అసలు ఇంట్లోనే ఎందుకుంటాడన్నారు బాబాయి.

ఇంజిన్ చప్పుడు వింటే చాలు, జాతకం మొత్తం చెప్పేస్తానన్నాడు బోల్టు. అమ్మే ఆయన పాపం రికార్డు చేసి పంపారు. బోల్టు కళ్ళు మూసుకుని విని, ఒక వాల్వు కొట్టుకుంటోందనీ, సైలెన్సర్ వదులైందనీ, గుండె మాత్రం గట్టిదనీ తేల్చాడు. మర్నాడు ఆ అమ్మే పెద్దాయన క్షమాపణ చెబుతూ సందేశం పెట్టారు. పొరపాటున పెరట్లో నీళ్ళ మోటారు చప్పుడు వెళ్ళిందట. బోల్టు చలించలేదు. ఆ మోటారుకైనా ఆ జబ్బు ఉండి తీరుతుందన్నాడు. మాట మీద నిలబడే మనిషని సంఘం అతన్ని అభినందించింది.

ఇంతలో మరో ఆపద. 'ఈ కారును ఇప్పుడు నలుగురు చూస్తున్నారు' అని యాప్ హెచ్చరించింది. పోటీ వచ్చిందని బావగారు కంగారుపడి, సభ్యులందరూ తమ తమ ఫోన్లలో, ఇంట్లోవాళ్ళ ఫోన్లలో ఆ పేజీ తెరిచి కాపలా కాయాలని ఆదేశించారు. కాశాం. చూసేవాళ్ళు ఆరుగురయ్యారు. ఆయన ఆఫీసు కంప్యూటర్‌లో కూడా తెరిచారు. ఏడుగురయ్యారు. గిరాకీ పెరిగింది, ధర పెంచుకోండని యాప్ అమ్మే ఆయనకు సలహా ఇచ్చింది. ధర పెరిగింది. ఒకరోజు మేమంతా భోజనానికి లేచేసరికి ఆ కారును ఎవరూ చూడటం లేదని యాప్ ప్రకటించింది. పోటీదారులు కూడా సరిగ్గా మన భోజనం వేళకే తింటున్నారని, అంటే వాళ్ళూ క్రమశిక్షణ కలవాళ్ళేనని, తేలిగ్గా తీసుకోకూడదని బావగారు అన్నారు.

నెలలు గడిచాయి. ప్రయాణం గురించి ఒక ఉపసంఘం కూర్చుంది. తిరుగు టికెట్ కొనుక్కుని వెళితే, కారు కొనే ఉద్దేశం లేదని అమ్మే ఆయనకు తెలిసిపోతుంది. కొనుక్కోకుండా వెళితే, కొనక తప్పదని తెలిసిపోతుంది. అందుచేత టికెట్టే కొనకపోవడం మధ్యేమార్గమని తీర్మానించాం.

ఆ రోజు అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా వింది. తర్వాత బావగారి వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"ఏమండీ, అది పాడైపోయిన కారే అనుకోండి. వెళ్తాను, చూస్తాను, వచ్చేస్తాను. ఏం పోతుంది?"

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అలా ఆయన మాటలకోసం వెతుక్కోవడం మేమెప్పుడూ చూడలేదు.

"అంత ఆశ పెట్టుకుని వెళ్ళి, నువ్వు దిగాలుగా తిరిగొస్తే నేను చూడలేను."

బాబాయి టీ కప్పు కింద పెట్టడం కూడా మర్చిపోయారు.

"ఇక్కడే కూర్చుని దిగాలుగా ఉంటే చూడగలరా?" అంది అక్క.

బావగారు చాలాసేపు ఆలోచించి, ఈ అంశాన్ని వచ్చే సమావేశంలో చేపడదామన్నారు.

వచ్చే సమావేశం దాకా అక్క ఆగలేదు. గురువారం ఉదయం క్లాసులు వాయిదా వేసి, చేతిసంచీ సర్దుకుని, కారు చూడటానికి వెళ్తున్నానని గుమ్మంలో చెప్పింది. బూట్ల లేసులు కట్టుకుంటున్న బావగారు, మంచిదే, గమనించినవన్నీ సభ్యులకు వివరంగా చెప్పాలి సుమా అన్నారు. ఆమె నిజంగానే వెళుతోందన్న సంగతి ఆయనకు రెండో బూటు తొడుక్కునేదాకా తట్టలేదు. అప్పటికి అక్క సందు మలుపు తిరిగింది.

అమ్మే ఆయన పాత గడియారాలు బాగుచేసే మనిషి. భూతద్దం నుదుటి మీదికి తోసుకుని బయటికొచ్చాడట. ఇంట్లోనే ఎందుకుంటాడన్న బాబాయి సందేహం అక్కడ తీరింది, ఆయన దుకాణం ఇంటి ముందు గదే. ఆయన అక్క వెనక వైపు చూసి, మిగతావాళ్ళేరని అడిగాడట.

"ఏడుగురు చూస్తున్నారని ఆ యాప్ రోజూ చెబుతుంటే, ఎవరో ఒకరు వస్తారని రోజూ కారు తుడిచి పెట్టానమ్మా. గుమ్మం తొక్కింది మీరొక్కరే."

అక్క తాళం తీసుకుని కారులో కూర్చుంది. క్లచ్ తొక్కింది. పెడల్ కింద ఆ పాత బిగువు, గేరు రాడ్ చేతికి అందే ఆ తీరు, అన్నీ ఆమెను గుర్తుపట్టినట్టే ఉన్నాయట. వీధి చివరిదాకా వెళ్ళింది. అక్కడ ఒక గుంటలో ముందు చక్రం పడి లేచింది. ఆ గుంట ఎంత లోతో కాళ్ళకి తెలిసింది. అక్కడే ఆపి కాసేపు ఒక్కతే నవ్వుకున్నానని ఆమె తర్వాత మాకు చెప్పింది. పెద్దాయన అంగీకారంతో పెరిగిన ధర పాత ధరకు దిగింది. టీ చల్లారేలోపు బేరం ముగిసింది.

"తీసుకున్నానండీ," అని బావగారికి ఫోన్ చేసింది.

"సరే, జాగ్రత్తగా నడుపు. ఆకలేస్తే ఆగి తిను," అన్నారాయన. తర్వాత గొంతు సవరించుకుని, "కానీ విషయం ఇంకా సంఘం పరిశీలనలోనే ఉంది," అన్నారు.

శనివారం సాయంత్రం కారు మా వీధిలోకి వచ్చింది. ఒళ్ళంతా బురద. అక్క కళ్ళ కింద నలుపు, ముఖంలో మాత్రం మేమెన్నడూ చూడని తేట. బోల్టు చుట్టూ తిరిగి చూశాడు. బాబాయి లోపల కూర్చుని మడమతో అడుగు రేకును గట్టిగా తొక్కి చూసి తృప్తిపడ్డారు. బావగారు కొంచెం దూరంగా నిలబడి, ఫోటోలో ఇంకాస్త నీలంగా ఉందన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి అక్కకు టీ పెట్టి తెచ్చారు.

అయితే మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయడం సభ్యుల్ని అవమానించడమే అవుతుందని ఆదివారం చివరి సమావేశం జరిపారు. దూరం, ఖర్చు, అలసట, చుక్కలు, పోటీ, అన్నీ కూలంకషంగా చర్చించాం. అలాంటి కారు కోసం అంత దూరం వెళ్ళడం వివేకం కాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అభ్యంతరమేమైనా ఉందా అని దరఖాస్తుదారును అడిగాం. లేదంది.

బయట కుండపోతగా వాన. ఆటో ఒక్కటీ దొరకలేదు. అక్క తాళాలు తీసుకుని, పదండి దింపేస్తానంది. బాబాయి, బోల్టు, నేను ముందు సీటు వంచి వెనకకు దూరి సర్దుకున్నాం. బావగారు ముందు కూర్చున్నారు. అక్క గుంటలు తప్పిస్తూ నడుపుతుండగా ఆయన ఫోన్ మోగింది. మనం చూస్తున్న కారు అమ్ముడైపోయిందని యాప్ విచారంతో తెలియజేసింది.

బావగారు ఆ తెర మా వైపు తిప్పి, "ఎవరో తొందరపడ్డారు పాపం," అన్నారు.

వెనక సీట్లో ఉన్న ముగ్గురం అవునన్నాం.