జువేరియా పట్టీ

ఆ పొద్దున ఒవైస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, కొత్తగూడ పక్క తండాకు పోయి పసిపిల్ల నడుముకు పది రోజుల కింద కట్టిన పట్టీ విప్పుకోవాలి, సాయంత్రానికల్లా దాన్ని జనగామలో పిల్లల డాక్టరు ముందు పెట్టాలి. సకల జనుల సమ్మె రోజులు కావడంతో బస్సులు డిపో దాటడం లేదు. అందుకని ముందే బావమరిది బండి అడిగి పెట్టుకున్నాడు.

పట్టీ అంటే ఉత్త గుడ్డ కాదు. దానికి అగ్గిపెట్టెంత డబ్బా, డబ్బాలో సిమ్ కార్డు ఉంటాయి. ఒళ్లు నూట మూడు డిగ్రీలు దాటిందంటే చాలు, ఒవైస్‌కూ జనగామ డాక్టరుకూ దానంతటదే మెసేజ్ పంపుతుంది. మహబూబాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే ఒవైస్ ఏడాదిన్నరగా దీని మీదే కూర్చున్నాడు. మొదటి పట్టీ కాలిపోయింది. రెండోది తడిసి చచ్చింది, పసిపిల్లలు పక్క తడుపుతారన్న ముక్క అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు మరి. మూడోది చెడేసరికి భాగస్తుడు కైసర్ దండం పెట్టి టైర్ల దుకాణం తెరుచుకున్నాడు. ఇది నాలుగోది. "పది రోజులు ఒక పిల్లకు కట్టి చూడు. తప్పుడు మెసేజ్ ఒక్కటి రాకుంటే వంద పట్టీలకు నేను సంతకం పెడత" అని జనగామ డాక్టరు మాటిచ్చాడు.

డబ్బా మీద రాసిన పేరు జువేరియా. ఒవైస్ కూతురు పేరు అది. ఏడు నెలల పిల్ల. పిల్లకు జ్వరం వచ్చిన రోజు ఇంట్లో ముగ్గురు పెద్దలున్నారు. నుదురు భార్య అమ్రీన్ చూసి ఉంటుందని ఒవైస్ అనుకున్నాడు, అత్త చూసి ఉంటుందని అమ్రీన్ అనుకుంది, కొడుకు చూశాడులే అని ఒవైస్ తల్లి హసన్ బీ అనుకుంది. ఎవరూ చూడలేదు. దవాఖానకు పోయేసరికి ఆలస్యమైపోయింది. రోజులు గడిస్తే దుఃఖం తగ్గుతుందని ఊరంతా చెప్పింది. అది తగ్గలేదు.

చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఫోను మోగింది. పాపకు జ్వరం, 105.

అమ్రీన్ ఫోను తీసుకుని చదివింది. "మిషిన్ తప్పు చెప్తుందేమో" అంది నెమ్మదిగా.

"తప్పయితే కంపెనీ పోతది. నిజమైతే పిల్ల పోతది." ఒవైస్ చెప్పుల కోసం వెతుకుతున్నాడు. "యా అల్లా, కంపెనీయే పోనీ."

తండాలో పిల్ల తల్లి నీలి ఫోను కలవలేదు. ఊరి చివర రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు నడుస్తోంది. వాళ్ల నాయకుడు సమ్మయ్య ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో బ్యాటరీ మైకు పట్టుకుని అన్నం కలుపుతూనే ఉపన్యాసం ఇస్తున్నాడు.

"అన్నా, జర తొవ్వ ఇయ్యిర్రి. తండల పసిపిల్లకు నూటైదు జరం."

సమ్మయ్య ఉపన్యాసం మధ్యలోనే ఆపేశాడు. "మనం కొట్లాడేదే పిల్లల కోసం. గంజు లేపుర్రి" అన్నాడు. నలుగురు కలిసి ఉడుకుతున్న అన్నం గంజును పక్కకు జరిపారు. సమ్మయ్య మైకుతో సహా ఒవైస్ బండెక్కాడు.

అక్కడి నుంచి సమ్మయ్య మైకులో జ్వరం పెరుగుతూ పోయింది. రెండో అడ్డంకి దగ్గర అది ఫిట్సయింది. మూడో దగ్గర పిల్లలు ఇద్దరయ్యారు.

"ఒక్కతే అన్నా" అన్నాడు ఒవైస్ వెనక్కి తిరిగి.

"ఇద్దరంటే జల్ది తొవ్వ ఇస్తరు తమ్మీ, నువ్వు బండి నడుపు."

గూడూరు దాటేసరికి వెనక పద్నాలుగు బండ్లు వస్తున్నాయి. గూడూరు సమ్మె డేరాలో డాక్టరెవరైనా ఉన్నారా అని సమ్మయ్య మైకులో అడిగితే, అందరూ నిరాహారదీక్షలో ఉన్న రామ్మోహన్ వైపు వేలు చూపారు.

"డాక్టర్నే గని..." అన్నాడాయన లేవబోతూ.

"గనీ లేదు గినీ లేదు, ఎక్కుర్రి సారూ." సంచీతో సహా ఆయన్ని ఒక బండి మీద కూర్చోబెట్టారు. దారిలో ఆయన రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. వినే తీరిక ఎవరికుంది?

తండాలో నీలి అత్త లచ్చి గుడిసె ముందు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల వేలు చప్పరిస్తూ బండ్లను చూసి నవ్వింది. ఒవైస్ వచ్చి మోకాళ్ల మీద కూలబడి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. నమ్మలేక మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత అంతమంది ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"పట్టీ ఏదవ్వా?" అన్నాడు చివరికి.

లచ్చి మూలకు చూపించింది. గోనె సంచి మీద మేకపిల్ల పడుకుని రొప్పుతోంది. పట్టీ దాని నడుముకు ఉంది. సమ్మయ్య మైకు దించేశాడు.

"మేకకెందుకు కట్టినవవ్వా?"

"దాని తల్లి మొన్న సచ్చింది బిడ్డా. నిన్నటి సంది పాలు ముడుతలేదు. జరమొస్తే గిది కట్టినోళ్ల కాడికి డాక్టర్లు ఉరికొస్తరని నువ్వే చెప్తివి గద. మా పిల్లకు నేనున్న, నీలి ఉన్నది. దీన్ని చూసెటోళ్లు ఎవలున్నరు?"

ఒవైస్ మేకపిల్ల నుదుటి మీద కూడా చెయ్యి పెట్టాడు. ఇంట్లో ముగ్గురున్నా చూడని రోజు అతనికి గుర్తొచ్చింది.

"గిదే చెప్దామనుకున్న. నేను పశువుల డాక్టర్ని" అని రామ్మోహన్ సంచీ విప్పాడు. థర్మామీటరు పెట్టి చూస్తే సరిగ్గా నూటైదు. "మేకకు నూటరెండు మామూలే. గిది మాత్రం అసలు జరమే. ఇంకో పూటైతే దక్కకపోవు." సూది వేశాడు. పొద్దు వాలేసరికి మేకపిల్ల పాలు ముట్టింది.

జనగామ డాక్టరు తనే ఫోను చేశాడు.

"మెసేజ్ కరెక్టే సార్, నూటైదే ఉండె" అన్నాడు ఒవైస్.

"ఎవరికి?"

ఒవైస్ గోనె సంచి వైపు చూశాడు. "మేకపిల్లకు."

అటువైపు చాలాసేపు నవ్వు వినిపించింది. "ఎవరికి కట్టిండ్రో తెలవని యంత్రానికి నేను సంతకమెట్ల పెడత బాబూ?" అని ఫోను పెట్టేశాడు.

నెల తిరిగేసరికి రామ్మోహన్ చెప్పిన మాట పట్టుకుని దేవరుప్పుల మేకలవాళ్లు నలభై పట్టీలు అడిగారు. ఒవైస్ డబ్బాలు ముందేసుకుని, పేరు కాగితాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"మేకలకు బిడ్డ పేరెందుకు, తీసేద్దామా?" అని అమ్రీన్‌ను అడిగాడు.

అమ్రీన్ కొంగుతో కళ్లు తుడుచుకుని మొదటి కాగితం తనే అతికించింది. "ఎవలూ చూడకనే గదా మన పిల్ల పోయింది. అది మేకనన్నా చూడనీ."

తెలంగాణ వచ్చేనాటికి ఆ నలభై మేకల్లో జ్వరంతో దిక్కులేక చచ్చింది ఒక్కటీ లేదు. మనుషుల పిల్లల పట్టీ మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.