ఓబుళమ్మ చేలో అమెరికా సరస్సు

భూమి రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు రాళ్ళవంక గ్రామపటానికి బదులు నూటయాభై ఏళ్ళ కిందటి అమెరికా పశ్చిమ ప్రాంతాల పటం ఎక్కడంతో, సోమవారం ఉదయానికల్లా ఓబుళమ్మ మూడెకరాల వేరుశనగ చేను ఉప్పునీటి సరస్సయింది.

మోకాళ్ళదాకా తడిసిన చీరతోనే ఆమె మండల కార్యాలయానికి వెళ్ళింది. సర్వేయరు చెన్నకేశవులు తెరమీద పటం చూశాడు.

“సరస్సు ఉండాల్సిన చోటే ఉందమ్మా. నువ్వు చేను అంటే తప్పయితాది.”

“మా నాయన కాలం నుంచి శనక్కాయ ఏస్తాండాం సార్.”

“మార్చల్లంటే పటం గీసినాయప్పే సంతకం పెట్టల్ల.”

పటం గీసిన ఆంబ్రోస్ టిల్డెన్ చనిపోయి నూటముప్పై ఏళ్ళు కావడంతో నోటీసు అందడం ఆలస్యమై గురువారం వచ్చాడు. సిరా మరకల కోటుతో పింఛనుదారుల పక్కన బల్లమీద కూర్చుని, పిలిచాక లేచాడు. దరఖాస్తు తెలుగులో ఉంది కనుక తెలుగే మాట్లాడాడు.

“ఆ సరస్సు ఎక్కడా లేదమ్మా. నేను ఆ దిక్కుకే వెళ్ళలేదు. ఒక వేటగాడు చెబితే గీశాను. ఖాళీగా వదిలితే పటం ఎవరూ కొనరన్నాడు అచ్చువేసేవాడు.”

“మనుషులెవురూ లేరా ఆడ?”

“ఉన్నారు. ఇళ్ళు, మొక్కజొన్న చేలు ఉన్నాయని వేటగాడే చెప్పాడు. నేను గీయలేదు. తరవాత సైన్యం నా పటం పట్టుకుని వెళ్ళింది. పటంలో లేనివాళ్ళని అక్కడా లేకుండా చేసింది.”

చెన్నకేశవులు పటం అచ్చు తీసి ఆయన ముందు పెట్టాడు.

టిల్డెన్ సరస్సు కొట్టేశాడు. కొట్టేసిన చోట ఏదో ఒకటి రాయాలి. ఆయన కాలపు పటాల్లో వాడుకలో ఉన్న మాటే రాశాడు: నిర్జన ప్రదేశం. అక్కడ ఎవరూ లేరని ధ్రువీకరించడానికి అక్కడ ఉండే మనిషి సాక్షి సంతకం కావాలన్నాడు చెన్నకేశవులు.

“పెడితే నీళ్ళు పోతాయా సార్?”

“సాయంత్రానికే.”

పెట్టింది. నీళ్ళు పోయాయి.

పది రోజుల తరవాత ఆమె చేలో ఉప్పు చెక్కుతుండగా, సోలార్ పలకలు పరిచే కంపెనీ నుంచి ఇద్దరు కొలత టేపుతో దిగారు.

“మంచి జాగా దొరికింది. ఎవురూ లేరు,” అన్నాడు ఒకడు, ఆమె ముందే నిలబడి.

“నేనుండాను కదప్పా,” అంది ఓబుళమ్మ.

రెండోవాడు టేపు లాగాడు. అది తిన్నగా పోవడానికి వీలుగా ఆమె కాస్త పక్కకు జరిగింది.