గడియారం కాని గడియారం

నాగరికత అంటే చేయవలసిన పనులను వరుసలో చేయడం. కారు బ్యాటరీ తీగ విప్పాలి. పావుగంట ఆగాలి. స్టీరింగ్ మధ్యలో ఉన్న గాలిసంచీని (ఎయిర్‌బ్యాగ్) ఊడదీసి, ముఖం పైకి ఉండేలా పెట్టాలి. స్టీరింగ్ ఎటు ఉందో గుర్తు గీసుకుని, నట్టు విప్పి, చక్రం లాగాలి. పాత క్లాక్ స్ప్రింగ్ తీసి కొత్తది పెట్టాలి. దాన్ని పొరపాటున కూడా తిప్పకూడదు.

ఈ జాబితాను గ్రంథాలయ గుమాస్తా చక్కని చేతివ్రాతతో రాసి కారు అద్దానికి అంటించుకున్నాడు. వాళ్ళ వంశంలో మొదటి డిగ్రీ అతనిదే. అందుచేత చుట్టాల్లో ఎవరికి ఏ ఫారం వచ్చినా నింపేది అతనే. నింపిన ఏ గడిలోనూ అబద్ధం రాసి ఎరగడు.

కారు మాత్రం భార్యకు కావాలి. ఆమె ఇంటింటికీ వెళ్ళి పుండ్లకు కట్లు కట్టే నర్సు. ఆమె రోగుల్లో అందరికంటే దూరం దర్జీగారిల్లు, అటు బస్సు పోదు. ఆయన కాలి పుండు మానుముఖం పట్టింది, రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ఇంతలో హారన్ మోగడం లేదని తనిఖీ కార్యాలయం వారు కారు పత్రం ఉంచేసుకున్నారు. (కారును ఇంటికి పంపేశారు. పత్రం లేని కారు ఇంట్లో ఉండవచ్చు, రోడ్డు మీద ఉండకూడదు.)

"ఏవండీ, ఆ సంచీ పేలుతుందా?" అంది ఆమె గుమ్మంలోంచి.

"పావుగంట ఆగితే పేలదు."

"మరి పదమూడు నిమిషాలకే లేచారేం?"

అతను మళ్ళీ కూర్చున్నాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. హారన్ నొక్కితే పక్కింటివాళ్ళు ముగ్గురు బయటికొచ్చి తిట్టారు. అంత తియ్యటి తిట్లు అతను జన్మలో వినలేదు.

మర్నాడు కార్యాలయంలో 'స్వగృహ మరమ్మతు ప్రకటన' అనే ఫారం ఇచ్చారు. నాలుగో గడి: మార్చిన భాగం పేరు. మరొకడైతే 'వైరు' అని గీకి పోయేవాడు. మనవాడు నిండుగా 'క్లాక్ స్ప్రింగ్' అని రాశాడు.

"గడియారం మార్చారన్నమాట," అన్నాడు తనిఖీ అధికారి.

"గడియారం కాదండీ. పేరే అలా ఉంది. డబ్బాలో చుట్టిపెట్టిన తీగ. స్టీరింగ్ తిరిగినా హారన్ వైరు తెగకుండా..."

"పేరు మీరే రాశారుగా?"

"రాశానండీ."

"మీరు రాసినదాన్ని నన్ను కాదనమంటారేంటి?"

అర్జీ కాలమాన విభాగానికి వెళ్ళింది. అలాంటి విభాగం ఒకటుందని అంతవరకూ ఆ విభాగం అధికారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకు పదకొండేళ్ళ తర్వాత వచ్చిన మొదటి ఫైలు ఇది. దాన్ని ఆయన రెండు చేతులతో అందుకుని, నాలుగు రోజులు చదివి, స్వయంగా ఇంటికి వచ్చాడు.

"టైమెంత చూపిస్తోందండీ?"

"ఏమీ చూపించదండీ."

'గడియారము పనిచేయుట లేదు' అని రాసుకుని, పాపం, ఎంతో బాధపడుతూ వెళ్ళిపోయాడు.

"మీరు డిగ్రీ చదవకపోయుంటే ఈపాటికి నా కారు నాకుండేది," అంది భార్య. "దర్జీగారు ఫోన్ చేశారు. కట్టు తడిసిపోయిందట. సొంతంగా మార్చుకుంటున్నానన్నారు. ఏ గుడ్డతో మార్చుకుంటున్నారో అడగాలంటే భయమేసింది."

 ఆమె తన చేతి గడియారం విప్పి అతని ముందు పెట్టింది. అతను దాన్ని చాలాసేపు చూసి, స్టీరింగ్ మధ్యలో టేపుతో అంటించాడు. అతని జీవితంలో అదే మొదటి అబద్ధం. అది కూడా తిన్నగా అంటించాడు.

పన్నెండో రోజున కాలమాన అధికారి మళ్ళీ వచ్చి, తన గడియారంతో సరిచూసి, రెండు నిమిషాలు వెనకుందని గమనించి, (మూడు వరకూ క్షమార్హం) ముద్ర వేశాడు. హారన్ ఎవరూ నొక్కి చూడలేదు. అంటించినది వాహనంలో భాగం కనుక విప్పకూడదని పత్రంలో రాశారు. ఆ ప్రకారం నర్సమ్మ ఇప్పుడు ఎవరి నాడి చూడాలన్నా ముందు వాళ్ళను కారు దాకా నడిపించుకు రావాలి.

దర్జీగారు అంత దూరం నడవలేరు. పాఠకులు ఆయన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవాలని మనవి. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క రోజైనా ఆగకుండా ముందుకు సాగింది ఆయన కాలి పుండు ఒక్కటే.