ఎర్ర సున్నా

కళ్లజోళ్ల షాపాయన పదిమందికీ చూపు సరిచేస్తాడు గానీ, ఆయన చూపు మాత్రం ఎప్పుడూ రైళ్ల మీదే. ఫోన్లో 'పట్టాల పిచ్చోళ్లు' అని ఓ గ్రూపుంది. అందులో ఆయన పేరు సిగ్నల్ సింహం.

ఓ సాయంత్రం రెండు రైళ్లు గుద్దుకుని ఎందరో పోయారు. దేశమంతా ఏడ్చింది. పట్టాల పిచ్చోళ్లూ ఏడ్చారు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, తెల్లారేసరికి దర్యాప్తు తామే చేయాలని తీర్మానించారు.

"దానికి అధికారులున్నారుగా?" అంది భార్య, పోస్టాఫీసుకు బయల్దేరుతూ.

"వాళ్లకి రైలంటే ఉద్యోగం. మాకు ప్రాణం."

"ఆ ప్రాణమేదో కాస్త వంటింటి కొళాయి మీద పెట్టండి, కారిపోతోంది. మా తమ్ముడు వస్తానన్నవాడు, పని పడింది ఆలస్యమవుతుందని మెసేజి పెట్టాడు."

ప్రమాదానికి కాస్త ముందు ఆ స్టేషన్లో గ్రూపువాడొకడు ఫోటో తీశాడు. ఆయన షాపులో కూర్చుని దాన్ని భూతద్దంతో గాలించాడు.

"నాకు అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయండీ," అన్నాడు కుర్చీలో ముసలాయన.

"ఒకటి ఎక్కువే కదా, ఓర్చుకోండి!"

దొరికాడు! ప్లాట్‌ఫాం చివర, ముఖం మీదికి లాగిన టోపీ, చేతిలో మూరెడు ఇనప రెంచి. వాడి చుట్టూ లావుగా ఎర్ర సున్నా చుట్టి, "ఎవడీ టోపీగాడు?" అని గ్రూపులో పడేశాడు.

మధ్యాహ్నానికల్లా టోపీగాడు పట్టాల బోల్టులు విప్పేశాడు. కాసేపటికి గూఢచారి అయ్యాడు. సాయంత్రానికి వాడికో ముఠా, ముఠాకో నాయకుడు, నాయకుడికో ద్వీపం. ఫోటో దేశమంతా పాకింది.

భార్య ఇంటికి రాగానే ఆయన ఛాతీ విరుచుకుని ఫోను చూపించాడు. ఆమె కళ్లు చిట్లించింది.

"ఈ చొక్కాకి జేబు వేరే రంగుందే?"

"అదే! ముఠా గుర్తు!"

"మీ పాత పైజామా ముక్క. నేనే కుట్టాను. వాడు మా తమ్ముడండీ!"

"మరి... ఆ రెంచి?"

"ప్లంబరు చేతిలో పూలగుత్తి ఉంటుందా?"

అంతలో ఫోను మోగింది. "అక్కా, ఇంటి మీద రాళ్లేస్తున్నారే! దెబ్బలు తగిలినవాళ్లని మోసి మోసి ఇప్పుడే వచ్చి పడుకున్నా. ఎవడో నా చుట్టూ సున్నా చుట్టాడంట!"

ఆమె తమ్ముణ్ణి తలుపులు బిగించుకోమని చెప్పి, పోలీసులకు ఫోను చేసింది. ఈలోగా ఆయన గ్రూపులో రాశాడు: "పొరపాటు. అతను మా బావమరిది. ఫోటో తీసెయ్యండి."

'ఇంజను మామ' అనే గ్రూపు పెద్ద వెంటనే జవాబిచ్చాడు: "అంటే ముఠా నాయకుడు సింహమేనన్నమాట!"

మరుక్షణం ఆయన ఫోటో చుట్టూ కూడా ఎర్ర సున్నా పడింది.

"ఏమోయ్, నాకు ద్వీపం ఉందంటున్నారు!"

"అక్కడికే పోదురు గాని, ముందు ఏ గీతా లేని అసలు ఫోటో నాకు పంపండి. ఫోటోలుంటే ఇమ్మని దర్యాప్తు ఆఫీసువాళ్లు ప్రకటన ఇచ్చారు. చదివారా?"

చదవలేదు.

పోలీసులు జనాన్ని చెదరగొట్టి బావమరిదిని వీళ్లింటికి చేర్చారు. పొద్దున్నే దర్యాప్తు అధికారి ఆమెకు ఫోను చేశాడు.

"మీరు పంపిన ఫోటో చాలా ఉపయోగపడిందమ్మా. అప్పుడు సిగ్నల్ ఏ రంగులో ఉందో ఇందులోనే తేలింది. బయట తిరుగుతున్న దాంట్లో ఎవడో మూర్ఖుడు సరిగ్గా సిగ్నల్ మీదుగా సున్నా గీకి పెట్టాడు."

"పక్కనే ఉన్నాడండీ. ఫోను ఇమ్మంటారా?"

సిగ్నల్ సింహం గబగబా కొళాయి దగ్గరికి నడిచాడు. అక్కడ బావమరిది నుదుటికి కట్టుతో వాషరు మారుస్తున్నాడు.

"ఒక ముసలావిణ్ణి ఆసుపత్రిదాకా మోశాను బావా," అన్నాడు తలెత్తకుండా. "అక్కడికెళ్లాక కూడా నా చెయ్యి వదల్లేదు. ఆవిడ బతికిందని సంబరపడుతూ ఇంటికొచ్చా. వస్తే రాళ్లు."

ఆయన పక్కనే చతికిలబడ్డాడు. "తప్పయిపోయిందిరా," అన్నాడు.

"నాకు చెప్తే ఏం లాభం? ఆ ఫోటో చూసినవాళ్లందరికీ చెప్పు."

ఆయన ఫోను తీశాడు. భార్య వెనకే నిలబడి భుజం మీదుగా చూస్తోంది.

"నిన్న ఒక పొరపాటు జరిగింది," అని మొదలుపెట్టాడు.

"జరగలేదండీ," అంది ఆమె. "చేశారు."

ఆయన చెరిపేసి, మళ్లీ రాశాడు.