బసవపున్నయ్య కుంట కప్పుకున్న పచ్చ దుప్పటి

"ఏవండీ, ఆ అజొల్లా కాస్త గేదెకు వేసి రండి," అని సుశీలమ్మ వంటింట్లోంచి కేకేస్తే, పళ్లు తోముకుంటున్న బసవపున్నయ్యకు "ఆ జొన్నలు" అని వినబడింది. ఆయన జొన్నల మూట విప్పి గేదె ముందు కుమ్మరించాడు. గేదె అభ్యంతరం చెప్పలేదు. సుశీలమ్మ చెప్పింది.

"జొన్నలు కాదండీ బాబూ, అజొల్లా. ఆ గుంటలో నీళ్ల మీద తేలుతోందే, ఆ పచ్చది. పశువుల డాక్టరు ఇచ్చాడు. దానంతటదే పెరుగుతుంది."

బసవపున్నయ్య వంగి ఒక మొక్కను వేలి మీదకెత్తుకున్నాడు. గోరంత కూడా లేదు. దున్నక్కర్లేదు, విత్తక్కర్లేదు, ఒక్కటే విడిపోయి రెండవుతుంది. "తల్లీ తానే, పిల్లా తానే. ఇంత చిన్న ఒంట్లో అంత సంసారమా," అని ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచే ఆలోచన కూడా వచ్చింది. గేదె తినేది చేప తినదా?

జూలూరుపాడు దాటి అడవి అంచున ఆయనకు ఎకరం చేపల కుంట ఉంది. అవతలి గూడెంలో స్నేహితుడు దూలయ్య కూతురికి పెళ్లి. విందుకు చేపలన్నీ తనవేనని బసవపున్నయ్య గూడెం పెద్దల ముందు మాట ఇచ్చేశాడు. బొచ్చె చేపలు బాగా బలిస్తే తన పేరు కూడా బలుస్తుందని ఆశ. అందుకని పిడికెడు అజొల్లా కుంటలో విసిరాడు. అది పిడికెడు కాదు, పిడికెడు పీడ అని అప్పటికి తెలియదు.

మొదట్లో కుంటలో మార్పేమీ లేదు. ఓ మూల అరచేతంత పచ్చ మరక, అంతే. "పెరగమంటే బద్ధకం దీనికి," అని విసుక్కుని సూపర్ ఫాస్ఫేటు చల్లాడు. దాంతో అజొల్లా ఫాస్టయింది, ఆయన ఫేటు మారింది. అరచెయ్యి చాపయింది, చాప కల్లమయింది. సగం కుంట నిండాక సుశీలమ్మ భయపడింది.

"తీయించండి ఇక."

"ఇన్ని రోజులు పట్టింది సగానికి. మిగతా సగానికీ అంతే పడుతుందిలే."

అక్కడే ఆయన లెక్క తప్పింది. అరచెయ్యి రెండరచేతులు కావడానికి ఎంత సమయమో, అరెకరం ఎకరం కావడానికీ అంతే సమయం. ఆ వారం ఇంకా సగం కూడా గడవకముందే నీళ్లనేవి కనబడడం మానేశాయి. గట్టు నుంచి గట్టుకు ఒకటే పచ్చదనం, గాలికి కూడా చెదరలేదు. బసవపున్నయ్య గట్టు మీద నిలబడి, గుడిలోకి వచ్చినవాడిలా చెప్పులు విప్పేశాడు. గేదె మాత్రం దాన్ని మేత అనుకుని నడిచి, ఈత కొట్టింది.

బావమరిదిని అడిగి బాతులు తెప్పించారు. బాతులు వచ్చాక బాధ రెండింతలైంది.

"ముందు నుంచి తింటూ వెనక నుంచి ఎరువేస్తున్నాయండీ మీ బాతులు," అంది సుశీలమ్మ.

ఈలోగా అడవి దారిన పోయేవాళ్లెవరో గూడెంలో చెప్పారు, బసవపున్నయ్య కుంట పూడ్చి గడ్డి వేశాడని. దూలయ్య నమ్మలేక ఫోన్ చేశాడు.

"అన్నా, కుంట ఎట్లున్నదే?"

"దానికేం తమ్ముడూ, అంతా పచ్చగా ఉంది," అన్నాడు బసవపున్నయ్య, నిజం చెప్పలేక పచ్చి నిజమే చెప్పి.

పెళ్లి ముందు రోజు పొద్దున్నే దూలయ్య, అతని భార్య భీమక్క, వెనక సగం గూడెం గట్టు మీదికొచ్చారు.

"కుంట ఏది అన్నా? ఇయ్యను అంటే అయిపోవు గదా. గింత పెద్ద కుంట పూడ్చుడెందుకు?" అన్నాడు దూలయ్య.

"మగపిల్లగానోళ్లకు గడ్డి పెట్టమంటవా ఏంది?" అంది భీమక్క.

"పూడ్చలేదమ్మా, ఇది కుంటే. కావాలంటే చూడండి," అని బసవపున్నయ్య రుజువు కోసం ఒక అడుగు వేశాడు. ఛాతీ దాకా రుజువైంది.

ఆయన దిగినచోట పచ్చ దుప్పటికి చిరుగు పడి, నల్లటి నీళ్లు కనబడ్డాయి. ఆ నీళ్ల మీదికి ఒక నోరు తేలింది. ఇంకొకటి. తర్వాత లెక్కకందనన్ని. కింద ఊపిరాడని చేపలన్నీ ఆ చిరుగు దగ్గరికే వచ్చి, గుండ్రంగా నోళ్లు తెరిచి గాలి తాగుతున్నాయి. గూడెమంతా గట్టు అంచుకు వంగింది. భీమక్క కూడా.

"అన్నా, నువ్వు కదలకు," అన్నాడు దూలయ్య మెల్లగా. "నీ చుట్టే చేరినయి."

తిట్టడానికొచ్చినవాళ్లు గంపలు దింపారు. వల అక్కర్లేకపోయింది. పెద్ద చేపలు గంపల్లోకి, పచ్చదుప్పటి చాపలా చుట్టి గట్టు మీదికి. ఊపిరి తిరిగిన చిన్న చేపలు లోతుకి వెళ్లిపోయాయి. తల మీద అజొల్లాతో నిలబడ్డ బసవపున్నయ్యను చూసి భీమక్క, "పెళ్లికొడుక్కు ఇంకా బాసికమే కట్టలే, గీయన అప్పుడే తయారైండు," అంది.

మర్నాడు పందిట్లో మగపెళ్లివారు, పెద్దలు, వంటవాళ్లు అందరూ ఈ చేపల సంగతేమిటని అడిగారు. బసవపున్నయ్య చేపముక్క పక్కన పెట్టి, జరిగిందంతా మొదట్నుంచి ఒక్కసారే విడమరిచి చెప్పాడు.

విన్నవాళ్లు తలా ఇద్దరికి చెప్పడంతో, ఆయన చేతులు కడుక్కునేలోపే ఆ కబురు ఎక్కడో ఉన్న బోనకల్ స్టేషన్‌లో రైలెక్కేసింది.